‘సీబీఎస్‌ఈ సిలబస్’ అన్నారని ఫీజు కట్టేయకండి, జాగ్రత్త

మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి ఊళ్ళో జెడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి పూర్తి చేశాడు. బాగానే చదువుతున్నాడు. అయినా పొద్దున్నే ఎదురింటి ముందు పసుపు బస్సు హారన్ కొడుతుంటే, మా బావమరిది ‘ఇంకా గవర్నమెంటు బడేనా బావా?’ అని దెప్పుతుంటే ఉండబట్టలేదు. ముందు తప్పు నాదే.

వేసవిలో టౌన్లో ఒక ప్రైవేటు స్కూలు పీఆర్వో ఇంటికొచ్చాడు. సీబీఎస్‌ఈ సిలబస్, ఐఐటీ ఫౌండేషన్ అని ఊదరగొట్టాడు. అడ్మిషన్‌కి 12 వేలు, పుస్తకాలకి 9 వేలు, మొదటి టర్ముకి 18 వేలు కట్టాను. కొబ్బరి దింపు డబ్బులన్నీ అందులోకే పోయాయి. రసీదు అడిగితే తెల్ల స్లిప్పు మీద అంకె వేసిచ్చారు, దానిమీద స్కూలు పేరు కూడా లేదు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

దసరా ముందు తల్లికి వందనం (బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం వేసే డబ్బు) సంగతి కనుక్కుందామని గ్రామ సచివాలయానికి వెళ్తే, మావాడి పేరు పక్క మండలంలో ఎప్పుడూ చూడని స్కూల్లో ఉంది! ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే తేలింది: నేను ఫీజు కట్టిన స్కూలుకి ప్రభుత్వ గుర్తింపు ఏడో తరగతి వరకే. ఎనిమిది నుంచి పిల్లల పేర్లు వేరే బడి రిజిస్టర్లో ఎక్కిస్తారు. సీబీఎస్‌ఈ అఫిలియేషన్, అంటే ఆ బోర్డు ఇచ్చే అనుమతి, అసలే లేదు. ‘సిలబస్’ అన్నారే గానీ ‘అఫిలియేషన్’ అని ఎక్కడా అనలేదు, చూశారా! పదో తరగతి రాయాల్సింది రాష్ట్ర బోర్డు పరీక్షే, అదీ ఇంకో స్కూలు పేరు మీద.

టీసీ ఇమ్మంటే మిగతా టర్ముల ఫీజు కూడా కట్టమన్నారు. పాత బడి హెడ్మాస్టరుగారు మాత్రం టీసీ కోసం ఆగకుండా చేర్చుకున్నారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని టీసీ ఆలస్యమైందని ఆపకూడదట. గుర్తింపు లేకుండా బడి నడపడం కూడా ఆ 2009 చట్టంలోనే నేరం.

రూపాయి కట్టేముందు యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు) అడగండి, 11 అంకెలుంటాయి, మన ఆంధ్రప్రదేశ్‌ది 28తో మొదలవుతుంది. గుర్తింపు ఆర్డర్లో ఏ తరగతి వరకు అని రాసుందో మీ కళ్ళతో చూడండి. సీబీఎస్‌ఈ అంటే అఫిలియేషన్ నంబరు తీసుకుని బోర్డు వెబ్‌సైట్లో సరిచూసుకోండి. నసిగితే వచ్చేయండి.

నా డబ్బు ఇంకా రాలేదు. వచ్చే సోమవారం ఇంకో నలుగురం కలిసి అమలాపురం కలెక్టరేట్లో అర్జీ పెడుతున్నాం. మీలో ఎవరైనా ఇలాగే కట్టి ఉంటే ఆ తెల్ల స్లిప్పులు పారేయకుండా పట్టుకుని రండి.