"ఎఫ్‌టీ ఆన్‌లో ఉంది సార్" అన్న మాట నమ్మి పూర్తి బిల్లు కట్టకండి

వీస్పియర్‌లో (సర్వర్ల మీద వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) ఫాల్ట్ టాలరెన్స్, అంటే ఎఫ్‌టీ (ఒక మెషీన్‌కి జంటను ఇంకో సర్వర్‌లో నడిపే ఏర్పాటు) పెట్టించుకోవాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి.

మా బిల్లింగ్ వర్చువల్ మెషీన్ కోసం రెండు సర్వర్లు, వీస్పియర్ 7.0 లైసెన్సు, సెటప్ అన్నీ ఒకే డీలర్ దగ్గర తీసుకున్నాం. ఒక సర్వర్ పోతే రెండోదాంట్లో నడుస్తున్న జంట మెషీన్ వెంటనే పని అందుకుంటుందన్నాడు. రోజూ చూసుకోమని పవర్‌సీఎల్‌ఐ (వీస్పియర్‌ని కమాండ్లతో నడిపే టూల్) స్క్రిప్ట్ కూడా ఇచ్చాడు. అది ప్రతి ఉదయం "ఎఫ్‌టీ ఉంది" అనే చూపించేది.

నెలాఖరు సాయంత్రం మొదటి సర్వర్ కాలిపోయింది. జంట అందుకోలేదు. హెచ్‌ఏ (సర్వర్ పోతే మెషీన్‌ని ఇంకో సర్వర్‌లో రీస్టార్ట్ చేసే ఏర్పాటు) ఉండబట్టి మెషీన్ రెండో సర్వర్‌లో మళ్లీ మొదటినుంచి బూట్ అయింది. సేవ్ కాని బిల్లులన్నీ పోయాయి. కౌంటర్‌లో కూర్చున్న పిల్లలు ఆ రాత్రి పదింటిదాకా చేత్తో రాసుకుంటూ కూర్చున్నారు. వాళ్ల మొహాలు చూడలేకపోయాను.

తర్వాత వీస్పియర్‌లో ఎవరు ఏం చేశారో చూపే టాస్కుల జాబితా వెతికితే తెలిసింది. 19 రోజుల ముందు మెయింటెనెన్స్‌కి వచ్చిన డీలర్ మనిషి డిసేబుల్‌సెకండరీవీఎం కమాండ్‌తో జంటను ఆపాడు, తిరిగి ఎనేబుల్ చేయకుండా వెళ్లిపోయాడు. ఆ స్క్రిప్ట్ చూసేది ఎఫ్‌టీ కాన్ఫిగర్ అయిందా లేదా అన్నది మాత్రమే. ఆపేసినా కాన్ఫిగర్ అయినట్టే కదా!

కాబట్టి మీరు చూడాల్సింది మెషీన్ రన్‌టైమ్ (ప్రస్తుత స్థితి) వివరాల్లోని ఫాల్ట్‌టాలరెన్స్‌స్టేట్ విలువ. అక్కడ "రన్నింగ్" అని ఉంటేనే రక్షణ ఉన్నట్టు. "డిసేబుల్డ్", "నీడ్‌సెకండరీ", "స్టార్టింగ్" వీటిలో ఏది కనిపించినా జంట సిద్ధంగా లేదనే అర్థం. డీలర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మేక్‌ప్రైమరీవీఎం కమాండ్‌తో పని రెండో సర్వర్‌కి మార్పించండి. మీ సాఫ్ట్‌వేర్ ఆగకుండా నడిచాకే మిగతా డబ్బు ఇవ్వండి. మేం అడగలేదు, అదే మా తప్పు.

లైసెన్సు సంగతి కూడా ముందే తేల్చుకోండి. 7.0 స్టాండర్డ్‌లో ఎఫ్‌టీ మెషీన్‌కి 2 వీసీపీయూలే (వర్చువల్ ప్రాసెసర్లు), ఎంటర్‌ప్రైజ్ ప్లస్‌లో 8. మాకు స్టాండర్డ్ అంటగట్టి, 4 ఉన్న మెషీన్‌ని చెప్పకుండా 2కి తగ్గించారు. నెమ్మదిగా ఉందని మేం మొత్తుకుంటుంటే నెట్‌వర్క్ అన్నారు. నిజానికి ఎఫ్‌టీ లాగింగ్‌కి (అసలు మెషీన్‌లో మార్పులు జంటకి చేరవేయడానికి) విడిగా 10 గిగాబిట్ లైన్ పెట్టాలి, వాళ్లు వేసింది 1 గిగాబిట్. పైగా విండోస్ క్రాష్ అయితే జంట కూడా అలాగే క్రాష్ అవుతుంది. అందుకని బ్యాకప్ విడిగా ఉండాల్సిందే. ఇది కూడా అమ్మేటప్పుడు చెప్పలేదు.

డీలర్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ బగ్ అంటున్నాడు. టాస్కుల జాబితాలో వాళ్ల లాగిన్ పేరే ఉంది. దాని ప్రింట్ జతచేసి లీగల్ నోటీసు పంపాం.