మెమరీహై: నాలుగేళ్ల వాడకం తరువాత

ఒకే సర్వర్‌పై డేటాబేస్‌ను, వెబ్ అప్లికేషన్‌ను, రాత్రివేళ నివేదికలు తయారుచేసే ఒక పైథాన్ సర్వీసును నడుపుకుంటున్న నాకు, లినక్స్‌లో ఒక్కో సర్వీసు వాడే మెమరీకి, ప్రాసెసర్‌కు హద్దులు పెట్టే సీగ్రూప్స్ రెండో వెర్షన్‌లో అన్నిటికన్నా నచ్చినది మెమరీహై అనే మెత్తని హద్దు. మెమరీమ్యాక్స్ గట్టి హద్దు. అక్కడికి చేరిన గ్రూపులో ఖాళీ చేయడానికి ఇంకేమీ దొరకకపోతే కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. మెమరీహై దాటితే మాత్రం చంపదు. ప్రాసెస్‌ను నెమ్మదింపజేసి, వాడకంలో లేని పేజీలను (మెమరీ ముక్కలను) వెనక్కి తీసుకుంటుంది. కొన్ని నిమిషాలు ఉబ్బి మళ్లీ తగ్గిపోయే నా నివేదికల పనికి ఇంతకన్నా తగిన సదుపాయం లేదని, ఒకసారి పెట్టి మరిచిపోవచ్చని చాలామందికి చెప్పాను కూడా.

మరిచిపోవచ్చన్న మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోవలసి వస్తోంది. ఒక రోజు ఉదయానికి నివేదికలు ఒక్కటీ రాలేదు. సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీని అడిగితే సర్వీసు చక్కగా నడుస్తోందని చెప్పింది, లాగ్‌లో చివరి వరుస మాత్రం రాత్రి 2 గంటలది. విఫలమైతే మళ్లీ మొదలుపెట్టమని రీస్టార్ట్ నియమం రాసిపెట్టే ఉంచాను, కానీ అది విఫలం కాలేదు కదా, బతికే ఉంది! 32 జీబీ మెమరీలో దాదాపు సగం ఖాళీగా కనబడుతుంటే మెమరీని అనుమానించాలని తోచక, గంటకు పైగా డేటాబేస్ లాక్‌లను, నెట్‌వర్క్‌ను వెతుకుతూ కూర్చున్నాను. చివరికి ఆ సర్వీసు సీగ్రూప్‌లోని మెమరీ ఈవెంట్స్ ఫైలు తెరిస్తే హై హద్దు దాటిన సార్ల లెక్క లక్షల్లో ఉంది, మెమరీ చాలక చంపిన ప్రాసెస్‌లను లెక్కించే ఓఓఎం కిల్ ఎదురుగా సున్నా ఉంది. మెమరీ ప్రెషర్ ఫైలులో ఫుల్ విలువ, అంటే పనులన్నీ ఒకేసారి మెమరీ కోసం ఆగి ఉన్న సమయపు శాతం, 90 దాటింది.

జరిగినది ఇది. ఒక లైబ్రరీని కొత్త వెర్షన్‌కు మార్చాక మెమరీ లీక్ (తీసుకున్న మెమరీని తిరిగి వదలకపోవడం) మొదలై, వాడకం నేను పెట్టిన 6 జీబీ హై హద్దుకు చేరింది. సర్వర్‌లో స్వాప్, అంటే మెమరీ పేజీలను దించుకునే డిస్క్ స్థలం, లేదు. ప్రోగ్రామ్ తన డేటా కోసం తీసుకున్న పేజీలను స్వాప్ లేకుండా బయటికి పంపే దారి లేదు కనుక, కెర్నల్ చేతికి చిక్కినవి డిస్క్‌లోని ఫైళ్ల నకళ్లైన ఫైల్ కాష్ పేజీలే, వాటిలో ఆ ప్రోగ్రామ్ సొంత కోడ్ పేజీలూ ఉంటాయి. వాటిని తీసేయడం, మరుక్షణమే డిస్క్ నుంచి మళ్లీ చదవడం. ఇది చాలదన్నట్టు, హద్దు మీరి మెమరీ అడిగే ప్రాసెస్‌ను కెర్నల్ విడతకు 2 సెకన్ల దాకా నిద్రపుచ్చగలదు. 10 జీబీ దగ్గర పెట్టిన మ్యాక్స్‌ను చేరి చచ్చిపోయే భాగ్యం కూడా ఆ సర్వీసుకు లేకపోయింది. హై హద్దు ఎన్నడూ ఓఓఎం కిల్లర్‌ను పిలవదని, బయటినుంచి కనిపెట్టి ఉండే ప్రోగ్రామ్ ఉన్నచోటనే దాన్ని వాడాలని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యాన్ని దాటేసినది నేనే.

తరువాత కొంత స్వాప్ చేర్చి, ఆ సర్వీసును ప్రత్యేక స్లైస్‌లోకి (సర్వీసుల గుంపులోకి) మార్చి, దానిపై మెమరీ ఒత్తిడిని చూసి చంపే సిస్టమ్‌డీ-ఊమ్‌డీని కాపలా పెట్టాను. ఒత్తిడి 60 శాతానికి మించి 30 సెకన్లు నిలిస్తే చంపడం దాని డిఫాల్ట్. లీక్ పూర్తిగా సరిచేసేలోపు రెండుసార్లు చంపింది, రెండుసార్లూ సర్వీసు తనంతట తానే తిరిగి లేచింది.

ప్రాసెసర్ విషయంలో చెప్పుకోదగ్గ గొడవ లేదు. ప్రాసెసర్ సమయానికి గట్టి హద్దు పెట్టే సీపీయూకోటాను మొదటి ఏడాదే తీసేశాను: 200 శాతం అంటే 100 మిల్లీసెకన్లకు 200 మిల్లీసెకన్ల పని, 8 థ్రెడ్లు ఒక్కసారిగా లేస్తే అది 25లోనే అయిపోయి, మిగిలిన 75 మిల్లీసెకన్లూ అన్నీ ఆగిపోతాయి. దాని బదులు ప్రాసెసర్‌ను వాటాలుగా పంచే, డిఫాల్ట్ 100 ఉండే సీపీయూవెయిట్‌ను డేటాబేస్‌కు 400, నివేదికలకు 50 చేశాను. పోటీ ఉన్నప్పుడే అది పనిచేస్తుంది, లేనప్పుడు ఎవరినీ ఆపదు.

మెమరీహైని ఇప్పటికీ వాడుతున్నాను, అయితే నివేదికల సర్వీసుకు మాత్రమే. అది రాత్రి మధ్యలో చచ్చి లేచినా ఎవరికీ నష్టం లేదు, చూసుకునేదీ నేనొక్కడినే. డేటాబేస్‌కు మాత్రం దాన్ని తీసేసి, ఇతరుల ఒత్తిడి తగలకుండా కాపాడే మెమరీలో (MemoryLow) అనే హద్దు పెట్టాను. నెమ్మదించిన డేటాబేస్‌కన్నా ఆగిపోయిన డేటాబేస్‌ను గుర్తించడం నాకు తేలిక. పదుల సర్వర్లు, రాత్రంతా మేలుకునే బృందం ఉన్నవారి లెక్క వేరుగా ఉండవచ్చు.