టోక్యోలోనా, లాస్ ఏంజెలెస్‌లోనా: ‘హ్యాపీ ఎండ్’ రెండు ఆల్బమ్‌లు

జపాన్ రాక్ బృందం ఆల్బమ్‌ను సొంత ఊళ్లో రికార్డు చేయాలా, విదేశానికి వెళ్లాలా అన్న ప్రశ్నకు, రెండు దారులూ నడిచిన ‘హ్యాపీ ఎండ్’ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. 1971లో వచ్చిన ‘కజెమాచి రోమన్’ టోక్యోలో తయారైంది. 1973లో బృందం పేరుతోనే వచ్చిన ‘హ్యాపీ ఎండ్’ ఆల్బమ్ కోసం బృందంలోని నలుగురూ 1972లో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోకు వెళ్లారు.

ఖర్చు: టోక్యోలో ప్రధానంగా స్టూడియో అద్దె. అమెరికాలో విమానం, బస అదనం. అప్పట్లో డాలరు 308 యెన్‌ల దరిదాపుల్లో ఉండేది.

శ్రమ: సొంత ఊళ్లో నచ్చని పాటను వారం తర్వాత మళ్లీ పాడవచ్చు. పరదేశంలో తిరుగు ప్రయాణపు తేదీయే గడువు.

ఫలితం దగ్గర కాస్త ఆగాలి. 1964 ఒలింపిక్స్‌కు ముందున్న టోక్యో వీధులను తలచుకునే ‘కజెమాచి రోమన్’ ఆ ఊళ్లోనే పుట్టడం ఎంతో సహజం. లాస్ ఏంజెలెస్‌లో మాత్రం వ్యాన్ డైక్ పార్క్స్, లోవెల్ జార్జ్ వంటి అమెరికన్ సంగీతకారులు తోడయ్యారు. అమెరికాకూ జపాన్‌కూ కలిపి వీడ్కోలు చెప్పే చివరి పాట, ఒకే మాటను మళ్లీ మళ్లీ పలుకుతూ సాగే ఆ పాట, పార్క్స్‌తో కలిసి కట్టినది. టోక్యోలో అది పుట్టేది కాదని నా నమ్మకం.

ప్రమాదం: ప్రయాణం బృందాన్ని కలిపి ఉంచదు. ఆల్బమ్ విడుదల కాకముందే, 1972 డిసెంబరు 31న వారు విడిపోయారు.

పాటలు ఊరి జ్ఞాపకాలపై నిలిచినప్పుడు, డబ్బు తక్కువైనప్పుడు సొంత ఊరి స్టూడియోయే మేలు. కావలసిన వాద్యకారులు పరదేశంలోనే ఉన్నప్పుడు, గడువుకు తట్టుకోగలిగినప్పుడు విదేశం మేలు.