థండర్‌బర్డ్‌లో మెయిల్‌కి టైము పెట్టుకున్నా

గుంటూరులో జీఎస్టీ రిటర్నులు వేసే పని నాది. నెలలో 20వ తేదీ దగ్గరపడిందంటే ఇన్‌వాయిస్‌లు మెయిల్‌లో వచ్చి పడుతూనే ఉంటాయి. అందుకే మొజిల్లా వాళ్ల థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకున్నాను, ఉచితమే. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరిస్తే, ఎన్ని నిమిషాలకోసారి మెయిల్ చూడాలో వేసే గడి ఉంటుంది. అందులో ముందే 10 ఉంది, నేను 45 చేశాను. అయినా టింగుమంటూనే ఉంది! రెండు రోజులు జుట్టు పీక్కున్నాక కనబడింది: దాని కిందే, మెయిల్ వచ్చిన వెంటనే సర్వర్ చెప్పేలా ఇంకో టిక్ ఉంది (ఐమ్యాప్ అకౌంట్లకి, అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉంచి చూసే రకానికి). అది తీసేశాక ప్రాణం హాయిగా ఉంది.

నిమిషాలే ఇవ్వగలం, భోజనం వేళ ఆగమని చెప్పే వీలు లేదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే ఏదీ రాదు. మొన్న అలాగే వేసి పెళ్లికెళ్లాను, తిరిగొచ్చి తీస్తే 31 మెయిళ్లు ఒక్కసారే దిగాయి.