రోటర్‌డామ్: హోటల్ పార్కింగ్ ముంచింది, పార్కు కింద సెల్లార్ మావయ్యగారికి తెగ నచ్చేసింది

ముందు హోటల్ సంగతి చెప్పేస్తా, ఆ కడుపుమంట కాస్త చల్లారితే గానీ మిగతాది రాయలేను. మేముండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్, అక్కణ్ణుంచి రోటర్‌డామ్ గంటంపావు డ్రైవ్. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ట్రైన్లు మారడం మెట్లెక్కడం కుదరవు, అందుకని కారు, కారు కాబట్టి "ఫ్రీ పార్కింగ్" అని రాసున్న హోటల్ వెతికి మరీ బుక్ చేశాం, రూముకి 124 యూరోలు, రెండు రూములు. తీరా వెళ్ళాక కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ, ఆ ఫ్రీ వేరే రేటులో బుక్ చేసుకున్నవాళ్ళకి, మీకు రాత్రికి 29.50 అంది. స్క్రీన్‌షాట్ చూపిస్తే మేనేజర్ రేపొస్తారంది. మేనేజర్లు ఏ దేశంలో అయినా రేపే వస్తారు.

పోనీ ఆ పార్కింగన్నా బాగుందా అంటే, బిల్డింగ్ వెనకాల ఖాళీ స్థలం, గోడ నుంచి గోడ దాకా తారు, పేరుకి ఒక్క చెట్టు లేదు. ఆ సాయంత్రం వాన దంచి కొట్టింది, డ్రెయిన్ పొంగి చీలమండల దాకా నీళ్ళు. అత్తయ్యగారు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని "ముప్ఫై యూరోలు పోసి బురదలో దిగుతున్నామా అమ్మాయ్" అన్నారు. మా ఆయన అన్నం తినేదాకా నోరు విప్పలేదు.

మర్నాడు ఎండొచ్చింది. మ్యూజియంపార్క్ కి వెళ్దామన్నది మావయ్యగారు. ఆయన ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్లో చేసి రిటైరయ్యారు, వాళ్ళ ఇల్లు విజయవాడ సింగ్‌నగర్లో, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు కింది వాటా మొత్తం మునిగింది, అప్పట్నుంచి నీళ్ళు అన్న మాట ఎక్కడ వినపడినా ఆగిపోతారు. మేం అక్కడి మ్యూజియం వాళ్ళ సామాన్లు దాచే అద్దాల డిపో చూడ్డానికి వెళ్తుంటే (పెద్ద స్టీలు గిన్నెలా ఉంటుంది, 2021లో తెరిచారు, పైకప్పు మీద బర్చ్ చెట్లు పెంచారు, ఫోటోలకి బావుంది) ఆయన మాత్రం పార్కింగ్ ర్యాంపు దగ్గరే నిలబడిపోయారు.

విషయం ఏంటంటే, పైన పార్కు, కింద 1,150 కార్లు పట్టే సెల్లార్, దాంతో కలిపి కట్టిన వాన నీళ్ళ ట్యాంకు, 10,000 క్యూబిక్ మీటర్లు, అంటే కోటి లీటర్లు. ఈ ఊళ్ళో చాలాభాగం సముద్ర మట్టానికి కిందే ఉంటుంది, వాన పడితే నీళ్ళు వాటంతట అవి ఎటూ పోవు, తోడాల్సిందే. పాత వీధుల్లో వాన నీళ్ళూ మురుగూ ఒకే పైపులో పోతాయి కాబట్టి గట్టి వాన పడితే మొత్తం కాలవల్లోకి పొంగుతుంది, అలా పొంగకుండా ఎక్కువైన నీళ్ళు ఈ ట్యాంకులోకి వదిలి, వాన తగ్గాక మెల్లగా తోడేస్తారు. మావయ్యగారు గోడ మీద చెయ్యి పెట్టి చూసి "మనం సెల్లార్లోకి నీళ్ళు రాకుండా మోటార్లు పెడతాం, వీళ్ళు సెల్లార్ పక్కకే నీళ్ళని పిలిచి కూర్చోబెట్టారు" అన్నారు. హైదరాబాద్ సోమాజిగూడ వైపు రోడ్ల కింద వాన నీళ్ళ సంపులు కట్టారు కదా అని మా ఆయన అంటే, మంచిదే గానీ పూడిక ఎవరు తీస్తారో అది చెప్పు అన్నారు. లోపల పొడిగా ఉంది, వెలుతురుంది, లిఫ్ట్ పనిచేస్తోంది, సాయంత్రం దాకా పెడితే 14 యూరోల చిల్లర అయింది. హోటల్ వాళ్ళకి కట్టినదాన్లో సగం.

అక్కణ్ణుంచి స్టేషన్ దగ్గర స్కౌబుర్గ్‌ప్లైన్ కి వెళ్ళాం, నాకైతే నచ్చలేదు. ఇది కూడా పార్కింగ్ మీద కట్టిన మైదానమే, 1996లో చేశారు, కింద కప్పు ఎక్కువ బరువు మోయలేదని పైన ఇనప రేకులు, చెక్కలు, రబ్బరు లాంటివి పరిచారు. క్రేన్ల లాంటి ఎర్ర దీపాలు తమాషాగా ఉన్నాయి, అంతే, ఎండలో నీడ లేదు, అత్తయ్యగారు బెంచీ మీద కూర్చుని వేడికి మళ్ళీ లేచారు. తడి మట్టి క్యూబిక్ మీటరు రెండు టన్నులకి దగ్గర తూగుతుందిట, చెట్టుకి కనీసం మీటరు లోతన్నా కావాలిట, ఆ లెక్క సెల్లార్ శ్లాబు పోసేముందే వెయ్యాలి, తర్వాత చెట్లు పెడతామంటే కుండీలే గతి అని మావయ్యగారి క్లాసు. ఇప్పుడు దీన్ని పచ్చగా మారుస్తామని కార్పొరేషన్ ప్లాన్ ప్రకటించింది, చూడాలి.

బెంతమ్‌ప్లైన్ అని 2013లో కట్టిన నీళ్ళ మైదానం ఒకటుంది, వానొస్తే 17 లక్షల లీటర్లు పట్టే గుంటలు, మామూలప్పుడు పెద్ద గుంట బాస్కెట్‌బాల్ కోర్టు. మేం వెళ్ళేసరికి చుక్క లేదు, కుర్రాళ్ళు ఆడుకుంటున్నారు, అత్తయ్యగారు కారు దిగలేదు. వాన లేకపోతే దానికోసం పనిగట్టుకుని వెళ్ళొద్దు.

మోకాళ్ళు బావున్నవాళ్ళయితే కారు ఊరి బయట పీ ప్లస్ ఆర్ లో (పార్క్ అండ్ రైడ్, కారు వదిలి మెట్రో ఎక్కే పార్కింగ్) పెట్టి మెట్రో ఎక్కండి, మెట్రో, ట్రామ్ వాడితే చాలా చోట్ల పార్కింగ్ ఫ్రీ, ఇది నిజంగా ఫ్రీ. మార్క్‌ట్‌హాల్ అనే పెద్ద మార్కెట్ హాలు కింద కూడా 1,200 కార్లకి చోటుంది, దిగే దారిలో ఆ గొయ్యి తవ్వినప్పుడు దొరికిన పాత ఊరి సామాన్లు ఏ లోతులో దొరికినవి ఆ లోతులో అద్దాల్లో పెట్టారు, పిల్లలకి చూపించండి.

తిండి సంగతి: మార్క్‌ట్‌హాల్ లోపల చూడ్డానికి బావుంటుంది, తినడానికి రేట్లెక్కువ. బయట ఒక సురినామ్ వాళ్ళ కొట్లో వెజ్ రోటీ అడిగాం, 11 యూరోలు, పప్పు కూరిన పెద్ద రోటీ, బంగాళాదుంపల కూర, పక్కన బొబ్బర్ల కాయల వేపుడు. 1873 నుంచి బీహార్, యూపీల నించి సురినామ్‌కి (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్చి వలస) కూలీలుగా వెళ్ళినవాళ్ళ వంట అది. కొట్టావిడ అత్తయ్యగార్ని చూసి హిందీలాంటి దాన్లో పలకరించింది, ఈవిడకి హిందీ రాదు, అయినా ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. రాత్రికి కూడా రెండు కట్టించుకున్నాం, డబ్బాకి 50 సెంట్లు వేరే.