కోతకు ముందు అవశేషాల పరీక్ష: ఒక్క నివేదికతో సరిపోదు

నూజివీడు దగ్గర ఉన్న మా బంగినపల్లి తోటకు ఈ ఏడాది ఒక ప్రైవేటు ప్రయోగశాల వారిని పిలిపించి, మందు కొట్టిన 20వ రోజున ఒకసారి, కోతకు వారం ముందు మరోసారి పురుగుమందుల అవశేషాల పరీక్ష చేయించాను.

నమూనా తీసిన తీరును మెచ్చుకోవాలి. వచ్చిన కుర్రవాడు చేతికందిన కాయలు తుంచుకుని పోకుండా, పది చెట్లు ఎంచి, ఎండ తగిలే పైకొమ్మల నుంచీ గుబురులోని లోపలి కొమ్మల నుంచీ కోయించి, సంచుల మీద మందు కొట్టిన తేదీ రాసి ఐసు పెట్టెలో సర్దుకున్నాడు. ఎండ మందు అణువులను విరగ్గొడుతుంది కనుక, పైకాయ మీద త్వరగా తరిగే మందు నీడలోని కాయ మీద మరికొన్నాళ్లు నిలిచి ఉండవచ్చు.

నేను ఆలస్యంగా వచ్చిన తేనెమంచు పురుగుకు ఇమిడాక్లోప్రిడ్ కొట్టాను. మామిడిలో దానికీ కోతకూ మధ్య 45 రోజుల విరామం ఉండాలి. ఇది కణజాలంలోకి ఇంకే మందు కావడంతో వాన కడిగినంత మాత్రాన పోదు, చెట్టే దాన్ని క్రమంగా మార్చివేయాలి. లాంబ్డా సైహలోత్రిన్ లాంటివైతే లోపలికి పోకుండా తొక్క మీది మైనంలో అంటుకుని ఉంటాయి.

నివేదికల దగ్గరే నాకు అసంతృప్తి కలిగింది. నాలుగు రోజులన్న ఫలితం తొమ్మిదో రోజుకు వచ్చింది. కోతకు వారమే ఉన్న రైతుకు అది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. రెండో నివేదికలో అంకె సగానికి తగ్గింది గానీ, కాయ తూకం ఎక్కడా రాయలేదు. 150 గ్రాముల కాయ 300 గ్రాములకు ఊరితే, మందు రవ్వంత విరగకపోయినా కిలోకు కట్టిన అంకె సగమే అవుతుంది కదా! పైగా ‘పరిమితికి లోబడి ఉంది’ అన్నారే తప్ప ఎవరి పరిమితో చెప్పలేదు. ప్రత్యేకంగా హద్దు నిర్ణయించని మందుకు ఐరోపా సమాఖ్య కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటనివ్వదు కాబట్టి, ఎగుమతి వ్యాపారికి ఆ ఒక్క మాట చాలదు.

ఇన్ని లోపాలున్నా, రెండుసార్లు చేయించడం వల్లనే తరుగుదల వేగం కొంతైనా అంచనాకు అందింది. ఒకే నివేదిక అయితే ఆనాటి అంకెతో ఆగిపోయేది. వచ్చే ఏడాదీ వారినే పిలుస్తాను గానీ, నమూనా తీసే రోజున కాయలను నేనే తూచి రాసుకుంటాను.