చిన్న భుజానికి తేలికైన 20 బోరా, బరువైన 12 బోరా?

సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లు క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే ఆట) మొదలుపెడితే చాలామంది తేలికైన 20 బోర్ తుపాకీ చేతికిస్తారు. బోర్ అంటే గొట్టం లావు, అంకె తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది. ఎత్తడం సులువే. కానీ ఒకే 24 గ్రాముల గుళ్లు పేల్చినా, రెండున్నర కిలోల ఆ తుపాకీ మూడున్నర కిలోల 12 బోర్ కంటే భుజాన్ని గట్టిగా తంతుంది. బరువు మోయగలిగితే నా ఓటు పేలినప్పుడు పుట్టే గ్యాస్‌తో తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే 12 బోర్ సెమీ ఆటోమేటిక్‌కే. దాని తన్ను మెత్తగా తగులుతుంది. ఎత్తగానే నడుము వెనక్కి వంగిపోతుంటే మాత్రం 20 బోరే మేలు.

నిజానికి బోర్ కంటే స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవే ముఖ్యం. మామూలుగా ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరిదాకా సుమారు 14.5 అంగుళాలు ఉంటుంది. పొట్టి చేతులకు చాలాసార్లు 13 చాలు. చెంప ఆనించినప్పుడు బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉందేమో చూడండి. ఖరీదైన తుపాకీ అయినా సరే, పొడవైతే స్టాక్ కోయించడానికి వెనకాడకండి.